హెరిబెర్తో లేని షెడ్డు

హెరిబెర్తో పోయాక రెండేళ్లపాటు దెల్మీరా షెడ్డు తలుపు తెరవలేదు. ఉరుగ్వేలో మా కానెలోనెస్ వైపు పాత ట్రాక్టర్ల క్లచ్ పనంటే ఆ మొగుడూ పెళ్లాలే చేయాలి. ట్రాక్టర్ని నడుం దగ్గర రెండుగా విడదీసి, పనయ్యాక మళ్లీ కలిపేటప్పుడు అతను గేరుబాక్సు వైపు నిలబడి కేకేసేవాడు. ఆమె ఇంజిను ముందున్న పుల్లీ పట్టుకుని, లోపలి పళ్లు కలిసేలా దాన్ని వేలెడంత తిప్పేది. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె ఆ గొంతు విని చేయి కదిపింది.

మొన్న ఆగస్టులో, మాకది చలికాలం, ఉల్లినారు నాటే అదునులో, పక్క పొలం వాల్దెమార్ వచ్చి ఆమె గేటు దగ్గర నిలబడ్డాడు. పొరుగునే ఉంటాను కాబట్టి నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"వదినా, మా ముసలిది మొండికేసింది. గేరేస్తే ఇంజిను అరుస్తుంది గానీ చక్రం తిరగదు."

"ప్లేటు అరిగిపోయుంటుంది. పట్నం పంపించు."

"నెల తర్వాత రమ్మన్నారు. అప్పటికి నా నారుకి గడ్డాలొస్తాయి."

"నేను పానాలు అందించేదాన్ని వాల్దెమార్. మెకానిక్కుని కాను."

"అన్నకి ఏ పానా కావాలో అన్న కంటే ముందు నీకే తెలిసేది. ఆలస్యమైతే తిట్టేదానివి కూడా."

దెల్మీరా నవ్వేసింది. తాళంచెవి కోసం లోపలికి వెళ్లింది.

ట్రాక్టర్ని రెండు గుర్రాలతో లాక్కొచ్చారు. ముందు ఇరుసు ఒరిగిపోకుండా చెక్కలు దిగ్గొట్టడం, గేరుబాక్సు కింద జాకీ పెట్టడం, బోల్టులు విప్పడం అన్నీ ఆమె చేతులకు వాటంతటవే గుర్తొచ్చాయి. ముందు భాగం మెల్లగా దొర్లి విడిపోయింది. లోపల క్లచ్ ప్లేటు రివెట్లు తేలేదాకా అరిగి ఉంది.

పట్నం నుంచి తెప్పించిన కొత్త ప్లేటు బిగించింది. కానీ మర్నాడు కలపబోతే రెండు భాగాలూ కలవలేదు. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు ప్లేటు నడిమి రంధ్రంలోకి దిగాలి. ప్లేటు వెంట్రుకవాసి పక్కకున్నా దిగదు. రెండు గంటలు తోశారు. వాల్దెమార్ చెమటలు కక్కాడు.

ప్లేటుని సరిగ్గా మధ్యకు తెచ్చే ఆ ఒక్క పనీ హెరిబెర్తో ఎప్పుడూ ఆమెకు వీపు పెట్టి చేసేవాడు. ఆమె తిరిగి చూసేసరికి అయిపోయేది.

దెల్మీరా డబ్బా మీద కూలబడింది. "అడిగితే చెప్పేవాడు," అంది నాతో. "ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. ఎప్పుడూ ఉంటాడుగా అనుకున్నాను."

కాసేపటికి లేచి, చీపురు కర్ర ఒకటి తెచ్చి కోసింది. కత్తితో చెక్కింది, గుడ్డ టేపు చుట్టింది, మళ్లీ చెక్కింది. ఆ కర్ర ప్లేటు రంధ్రంలో, దాని వెనక బేరింగులో వదులు లేకుండా కూర్చునేదాకా వదల్లేదు. ప్లేటు బోల్టులు సడలించి, కర్ర ఆధారంతో దాన్ని మధ్యకు తెచ్చి, మళ్లీ బోల్టులు బిగించి, కర్ర లాగేసింది.

వాల్దెమార్‌ని పుల్లీ దగ్గర నిలబెట్టి, తను గేరుబాక్సు వైపు వెళ్లింది. హెరిబెర్తో నిలబడే చోట నిలబడి, గేరుబాక్సు అంచుని తడుముతూ ఉండిపోయింది.

"తిప్పనా వద్దా వదినా? చలికి వేళ్లు కొయ్యబారుతున్నాయి."

"తిప్పు. చాలు, చాలు! ముందుకు తొయ్యవయ్యా!"

రెండు భాగాలూ అతుక్కున్నాయి.

సాయంత్రం ఆమే ఎక్కి దొడ్డి చుట్టూ నడిపింది. రెండో గేరులో క్లచ్ మెత్తగా పట్టుకుంది. వెలిగిపోయిన ముఖంతో, హెరిబెర్తోకి చెప్పడానికి షెడ్డు వైపు గిర్రున తిరిగింది. గుమ్మంలో వాల్దెమార్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏంటి వదినా, ఏమన్నా మర్చిపోయావా?"

"ఏం లేదు. తీసుకుపో, నారు వాడిపోతుంది."

ఇప్పుడు షెడ్డు రోజూ తెరుస్తోంది. ఊరవతల నుంచి కూడా ట్రాక్టర్లు వస్తున్నాయి. మొన్న కూర్చుని మాతే ఆకు టీ తాగుతుంటే, పనంతా వచ్చేసిందిగా అన్నాను.

"వచ్చింది," అంది. "'ఎలా చేశావే, నాకూ చూపించు' అని అతనొక్కసారి అడిగితే బాగుండు."