తప్పు పాలది కాదన్న మేడం

మా మైక్రోబయాలజీ మేడం పోయారు. కుప్పంలో నేను పిల్లలచేత ప్రాక్టికల్స్ చేయిస్తుండగా మదనపల్లె నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందప్పా. కాలేజీకి రెడీ అవుతానే కూలబడిపోయింది" అన్నాడు. "సరే" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వారం దాటినా ఒకచోట నిలవలేకపోతున్నాను. ఇది కూడా లేస్తూ కూర్చుంటూనే రాస్తున్నాను.

ఆమెదీ కుదురుగా కూర్చునే స్వభావం కాదు. మదనపల్లెలో మాకు డిగ్రీ పాఠాలు చెబుతూ బల్లల మధ్య తిరుగుతూనే ఉండేవారు. చాక్‌పీసు చేతిలోనే పొడైపోయేది. "బ్యాక్టీరియాకు కూడా జబ్బు చేస్తాదప్పా. దాన్ని పట్టే వైరస్సులు ఉండాయి" అని మొదటిసారి అన్నప్పుడు క్లాసంతా నవ్వింది. "యాల నవ్వుతారు? దానిది ప్రాణం కాదా?" అన్నారు.

వైరస్ తన డీఎన్‌ఏను లోపలికి దూర్చగానే దాన్ని ముక్కలు చేసే ఎంజైములు కొన్ని బ్యాక్టీరియాకు ఉంటాయని చెప్పారు. కొన్ని బ్యాక్టీరియాలయితే లోపల వైరస్ పెరగకముందే తామే చచ్చిపోతాయి, చుట్టుపక్కలవి బతుకుతాయి. "త్యాగం కదా మేడం" అంది ఒకమ్మాయి. "ఆ మాట వద్దు. దానికేమీ తెలీదు. జరిగిందేందో అది సెప్పు" అన్నారు. జరిగిందేమిటో చెప్పడం ఎంత కష్టమో నాకు పుంగనూరులో అర్థమైంది.

నేను ఆమె దగ్గర ప్రాజెక్టు చేస్తున్న రోజులు. పుంగనూరులో చిన్న పెరుగు డెయిరీ నడిపే ఒక అక్క ఫోన్ చేసింది. పెరుగు తోడుకోవడం లేదట. మేం బస్సు దిగి వెళ్లేసరికి గేటు బయట సదుం ఊరి రైతు ఒకాయన పాలక్యాను పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవుకు ఇంజెక్షన్ వేయించి ఆ పాలు పోశాడని, ఆ మందే తోడును చంపిందని డెయిరీ అక్క కోపం.

"ఇంజెక్షన్ ఏపిచ్చిన ఆవు పాలు వారం దినాలు దూడకే ఇడిసినా మేడం. ఈళ్లు నమ్మల్యా" అన్నాడాయన.

"ఈయన పాలు వచ్చినాకే కదా పాడయింది" అంది అక్క.

మేడం ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆయన పాలను విడిగా కాచి, పొరుగింటి పెరుగుతో తోడు పెట్టించారు. కాసేపు కూడా కుర్చీలో ఉండలేక డెయిరీ అంతా తిరిగారు. సాయంత్రానికి ఆ పాలు గట్టిగా పేరుకున్నాయి. పాలలో మందు లేదు. చెడింది డెయిరీ తోడే.

పాడైన పెరుగు మీద తేలిన నీళ్లను మదనపల్లె తీసుకొచ్చాం. బ్యాక్టీరియా దాటలేనంత సన్నని జల్లెడలో వడకట్టి, డెయిరీ తోడులోని బ్యాక్టీరియాను పరిచిన ప్లేటు మీద చుక్కలుగా వేశాం. మర్నాటికి ఆ చుక్కలు పడినచోటల్లా గుండ్రంగా ఖాళీలు. వైరస్ బ్యాక్టీరియాను తినేసింది.

మేడం అప్పటికప్పుడు నాతో పుంగనూరు వెళ్లి, డెయిరీ అక్కను వెంటబెట్టుకుని సదుం బయల్దేరారు. "ఫోన్లో సెప్తే సాలదా మేడం?" అంది అక్క. "మాటన్నది ఆయన మొగం మీదే కదమ్మా" అన్నారు మేడం.

తప్పు పాలది కాదని చెబితే ఆ రైతు సంతోషపడలేదు. "మీరు సెప్తే గానీ నా మాట నిజం కాలేదా?" అన్నాడు. అక్క తల వంచుకుంది. మేడం "అవునన్నా, అట్లే అయింది" అన్నారు. తిరుగు బస్సులో సీటు ఉన్నా నిలబడే వచ్చారు.

రెండ్రోజులకు ఆ ఖాళీల మధ్య సూదిమొనల్లాంటి చుక్కలు కనిపించాయి. చావకుండా మిగిలిన బ్యాక్టీరియా. వాటినే పెంచి కొత్త తోడు చేశారు. పుంగనూరులో పెరుగు మళ్లీ పేరుకుంది. అవి ఎలా బతికాయని నేనడిగితే, "లోపల సూడకుండా ఎట్ల సెప్పేది?" అన్నారు. బెంగళూరులో డీఎన్‌ఏ ల్యాబులో పనిచేసే స్నేహితురాలికి వాటిని పంపి చూపించారు. ఆ బ్యాక్టీరియా వైరస్ డీఎన్‌ఏలోంచి ఒక చిన్న ముక్కను తన డీఎన్‌ఏలో దాచుకుంది. మళ్లీ అదే వైరస్ వస్తే ఆ ముక్కను బట్టి గుర్తుపట్టి కత్తిరించేస్తుంది. దాని పిల్లలకూ అది వస్తుంది. ఆ రోజు మేడం కారిడార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు నడిచారో!

కొన్ని నెలలకు పెరుగు మళ్లీ చెడింది. వైరస్ మారిపోయింది. "ఇది ఎప్పుడు తీరిపోతాది మేడం?" అని డెయిరీ అక్క ఏడ్చినంత పని చేసింది.

"తీరదమ్మా. అది మారతాది, ఇదీ మారతాది. మనం తోడు మారుస్తా ఉండాల, గిన్నెలు బాగా కడగతా ఉండాల. అంతే" అన్నారు. అక్క అలాగే చేస్తోంది. డెయిరీ నడుస్తోంది.

మేడం పోయిన రోజు ఇంటి ముందు జనంలో ఆ సదుం రైతు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి, "మా ఇంటికొచ్చి సెప్పింది సూడు, ఆ మాట మా ఊరంతా ఇనింది" అన్నాడు. ఇప్పటికీ పాలు పోస్తున్నాడా అని అడగాలనుకున్నాను. అడగకుండానే లోపలికి నడిచాను.

ఆమె బతికుండగా నేను ఆఖరుసారి చూసింది మదనపల్లె బస్టాండులో. కుప్పం బస్సెక్కించడానికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఏదో కొత్త వైరస్ గురించి చెబుతూనే ఉన్నారు. బస్సు కదిలింది. ఆమె ఆగలేదు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కనే నడుస్తూ, "ఇంకొకటి ఇనప్పా, అసలు సంగతి..." అన్నారు. కండక్టర్ విజిల్ వేశాడు. ఇంజన్ రొదలో పెదవులు కదలడమే కనిపించింది. బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. బస్టాండు మధ్యలో ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, చేతులు తిప్పుతూ.