అత్తగారు పసుపు పూసిన జెముడు

మొన్న మా కోడలు చాయ్ కప్పంత కుండీలో వేలెడు జెముడు మొక్కను కొని తెచ్చి, టీవీ పక్కన పెట్టి, "అత్తమ్మా, దీనికి నీళ్లెన్ని పొయ్యాలె?" అని అడిగేసరికి నాకు నవ్వాగలేదు. ఆ ఒక్క మాట మా అత్తగారు అడిగి ఉంటే మా ఇంట్లో అంత లొల్లి జరిగేదే కాదు. నాకు సంతకం మించి రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా ఈడు వాళ్లు చదివించుకుని వినండి.

అప్పట్లో ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర మాది రెండు గదుల రేకుల ఇల్లు, నడుమెత్తు ప్రహరీ. రైలు పట్టాల మీద పనిచేసే మా ఆయన, ఎక్కడో విరిగిపడిన మూరెడు జెముడు ముక్కను గోనెసంచిలో చుట్టి తెచ్చి, ఇసుకా కంకరా కలిపి గోడ మూలన నాటాడు. కొన్నేళ్లకు అది స్తంభంలా నిటారుగా నా ఎత్తు దాటింది. పిల్లలకు జ్వరమొచ్చినా పట్టించుకోని మనిషి, డ్యూటీ నుంచి రాగానే దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాకే చెప్పులు విడిచేవాడు. అత్తగారికి మాత్రం అది గిట్టేది కాదు. "ముండ్ల చెట్టు ఇంట్లుంటె మొగుడు పెండ్లాలకు లొల్లే" అనేది. లొల్లి ఉన్న మాట నిజమే, కాని అది చెట్టు రాకముందు నుంచీ ఉంది.

ఒకసారి ఆయన నెల రోజులు బయటి డ్యూటీకి పోతూ, "ఇల్లు ఎట్లన్న ఉండనీ, చెట్టు పైలం" అని నాకు అప్పగించాడు. మర్నాడు తెల్లవారి చూస్తే జెముడు కింద ఒంటి చెప్పు, ముళ్లకు లాగు పీలిక. గోడ దూకిన దొంగ సరిగ్గా దాని మీదే పడి, వచ్చిన దారినే పోయాడన్నమాట.

ఇక ఆ పొద్దు నుంచి అత్తగారికి ఆ చెట్టు అమ్మవారైపోయింది. ముళ్ల సందుల్లో పసుపు పూసి, కుంకుమ పెట్టి, రోజూ చెంబెడు నీళ్లు. గల్లీ ఆడవాళ్లూ వచ్చి తలా ఒక చెంబు. "మా ఇంటి మీద గూడ ఒక కన్నెయ్యి తల్లీ" అని పక్కింటామె మొక్కితే, "ఏందే, మా గోడ కాసేటందుకే దానికి తీరుతలేదు" అని అత్తగారు కసిరింది. నేను నీళ్లు వద్దంటే, "తల్లికి నీళ్లు వద్దంటవా, కండ్లు పోతయ్" అని నా మీద పడేది.

ఇరవయ్యో రోజుకు చెట్టు మొదలు ఉడికిన వంకాయలా మెత్తబడింది. ఆయన వచ్చేది ఇంకో పది రోజుల్లో. దొంగ ఇల్లంతా ఊడ్చుకుపోయినా నేను అంత భయపడేదాన్ని కాదు. అత్తగారు కిరసనాయిలు లైన్లో నిలబడ్డ వేళ చూసి, పెద్ద చాకుతో కుళ్లు దాటి పచ్చి కండ కనిపించే చోట నరికి, పైముక్కను ఆయన ఖాకీ ప్యాంటులో దూర్చి బీరువా మీద పడుకోబెట్టాను. కోసిన చోటు బాగా ఎండి గట్టిపడాలి, తడి మీద నాటితే మళ్లీ కుళ్లుతుందని ఆయన నోట విన్నదే.

అత్తగారు వచ్చి మిగిలిన మొండెం చూసి పెట్టిన కేకకు గల్లీ కదిలింది. "ఆ దొంగ సచ్చినోడే! పగబట్టి తల్లి తలకాయ కొట్టుకపోయిండు!" మూడు రోజులు ఆమె తిట్టని తిట్టు లేదు. నేను పక్కనే కూర్చుని "అవు, అవు" అంటూ ఉల్లిగడ్డలు కోశాను.

ఆయన వచ్చే పొద్దున ముక్కను తీసి నాటి, దొంగ గోడవతల పారేసిపోతే దొరికిందని అత్తగారికి చెప్పి, ప్యాంటును ఉతికి తీగ మీద వేశాను. ముళ్లు సగం దాంట్లోనే మిగిలాయని నాకు తట్టలేదు. ఆయన స్నానం చేసి వచ్చి తొడుక్కున్నాడు. ఆ కేక స్టేషన్ దాకా వినబడి ఉంటుంది. "ఏమే, చెట్టు పైలమంటె నా ప్యాంట్ల దాస్తవా!" అన్నాడు. ముళ్లు తీస్తూ తీస్తూ జరిగిందంతా చెప్పాను. కళ్లలో నీళ్లతోనే నవ్వి, "అమ్మకు చెప్పకు. దొంగ మీదనే ఉండనీ" అన్నాడు.

చాలా ఏళ్లకు, అత్తగారు మంచం పట్టినప్పుడు, మనసాగక ఒప్పుకున్నాను. ఆమె కళ్లు కూడా తెరవలేదు. "నాకెర్కనే పిల్లా. చాకు పిడికి పసుపుండె. నేనే కడిగి పెట్టిన." మరి ఆ దొంగను అన్ని తిట్లు ఎందుకు తిట్టావంటే, "మరి నన్ను నేను తిట్టుకోవాల్నా? నీళ్లు పోసింది నేనే గద" అంది.

ఇప్పుడు ఆమె లేదు, ఆయనా లేడు. ఆ ముక్క మాత్రం, రేకుల ఇంటి చోట కొడుకు కట్టిన మేడను దాటింది. ప్రహరీ ఎత్తు పెంచి కెమెరా పెట్టించారు, ఇక ఏ దొంగా దూకలేడు, పక్కింటామె తొంగి చూడటానికీ వీల్లేదు. చెంబులు పట్టుకుని వచ్చేవాళ్లు లేరు కనుక చెట్టు ఆరోగ్యంగానే ఉంది. కోడలికి పదిహేను రోజులకొక చెంచా చాలని చెప్పాను. నేను మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చిటికెడు పసుపు తీసుకుపోయి ఆ పెద్ద చెట్టు మొదట్లో పెట్టి వస్తుంటాను. నీళ్లు పోయను.