టీ పట్టిన గీతలు

ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన దీవెనమ్మ, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పనిదే టీ కప్పు ఎత్తదు. అది మదనపల్లె వదిలి వెళ్తూ దొరసాని డాక్టరమ్మ ఇచ్చిన చైనా కప్పు. పైపూతను కావాలనే సన్నగా చిట్లనిస్తారనీ, వందల ఏళ్ళ కిందట చైనా రాజులు ఆ పగుళ్ళ గీతలకే ముచ్చటపడేవాళ్ళనీ ఆ డాక్టరమ్మే చెప్పింది. ఏళ్ళ తరబడి టీ ఇంకి ఆ గీతలు గోధుమరంగుకు తిరిగాయి. అందులో సగం, పోయిన భర్త తాగిన టీ.

ఈ పొద్దు కప్పు తెల్లగా మెరుస్తోంది.

“మురికి పట్టుండాదని బ్లీచింగ్ పౌడరేసి తోమినానత్తా,” అంది కొత్తకోడలు క్యాథరిన్.

“యాల తోమినావమ్మా” అనబోయిన దీవెనమ్మకు కోడలి వేళ్ళు కనబడ్డాయి. చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాసింది. కప్పులో టీ పోసి, కళ్ళు మూసుకుని, రోజుకన్నా కాస్త ఎక్కువసేపే స్తోత్రం చెప్పి, కప్పును కోడలి ముందుకు జరిపింది.

“ఇంక దీంట్లో నువ్వు తాగమ్మా. నీ టీ పట్టనీ.”