వాల్టర్ గారి రెండో టీమ్

క్రికెట్లో ఒక మనిషి తన జట్టును ఓడించడానికి ఎన్ని దారులున్నాయో మీకు తెలిసే ఉంటుంది. క్యాచ్ వదిలెయ్యొచ్చు, పక్కవాణ్ణి రనౌట్ చేయించొచ్చు, అవతలివాడికి ముద్దుగా ఫుల్‌టాస్‌లు వేసి పెట్టొచ్చు. ఇవన్నీ చిల్లర పనులు. ఎదుటి జట్టు చొక్కా తొడుక్కుని, మన జట్టు తరఫున బ్యాటింగ్‌కి దిగి, గెలుపు చేతికందే సమయానికి బ్యాటు పారేసి ఇంకో దిక్కుకి పరిగెత్తినవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. పేరు సత్తిబాబు, ఊరు అమలాపురం పక్కన, ఉద్యోగం ఖతర్‌లో.

అప్పట్లో నేను మెసయీద్‌లో ఒక కంపెనీ ప్రాజెక్ట్ ఆఫీసులో జూనియర్ ఇంజనీర్ని. కంపెనీ ఇచ్చిన బ్యాచిలర్ గదిలో ఉండేవాణ్ణి. బ్యాచిలర్ అంటే పెళ్ళి కానివాడు అనుకునేరు. గల్ఫ్‌లో పెళ్ళాన్ని తెచ్చుకోలేని ప్రతివాడూ బ్యాచిలరే. మా ఆవిడ పద్మ, పాప ఊళ్ళో ఉండేవారు. నేనిక్కడ పప్పు మాడబెట్టుకుంటూ, వీడియో కాల్‌లో "బ్రహ్మాండంగా కుదిరింది" అని గిన్నె చూపించకుండా మాట్లాడేవాణ్ణి. వాళ్ళు రావాలంటే నాకు కంపెనీ ఫ్యామిలీ స్టేటస్ ఇవ్వాలి. అది రావాలంటే మా మేనేజర్ వాల్టర్ గారు పైవాళ్ళకి ఒక మాట చెప్పాలి.

వాల్టర్ గారిది అమెరికా. తెల్ల మీసం, తల ద్వారబంధానికి తగులుతుందేమో అన్నంత ఎత్తు. ఆయనకి ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైంది బేస్‌బాల్, అందులోనూ వాళ్ళ ఊరి టీమ్. అక్కడ సాయంత్రం ఆడే ఆట ఇక్కడికి తెల్లవారుజామున వస్తుంది కదా, అది చూసి మిరపకాయల్లాంటి కళ్ళతో ఆఫీసుకి వచ్చేవారు. గెలిచారా అని అడగాల్సిన పనే ఉండేది కాదు. ఎప్పుడూ ఓడేవారు.

చలికాలం వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోయి ఆయన మొహం వాడిపోయేది. ఒకరోజు నన్ను పిలిచారు. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.)

"సత్తీ, ఇంకో నాలుగు నెలలు నేనెవరి కోసం అరవాలి? నాకొక రెండో టీమ్ కావాలి. మీ క్రికెట్లో చూసిపెట్టు."

"రెండో టీమ్ అంటే ఎలాంటిది కావాలి సార్?"

"మొదటి టీమ్ మన చేతుల్లో ఉండదు. పుట్టిన ఊరు అంటగడుతుంది, ఏడుస్తూ మోయాల్సిందే. రెండోది మాత్రం మన ఇష్టం. అందుకే అక్కడ తప్పు చేయకూడదు. సరే, నువ్వే టీమ్‌లో ఆడతావు?"

ఇక్కడ, మహానుభావులారా, నా పతనం మొదలైంది.

నేను ఆడే జట్టు పేరు గోదావరి గర్జన. ఏషియన్ టౌన్ గ్రౌండ్‌లో శుక్రవారాలు టేప్ చుట్టిన టెన్నిస్ బంతితో ఒక లీగ్ జరిగేది. కెప్టెన్ మల్లేశన్నది జగిత్యాల వైపు, ఒక ఖతరీ కుటుంబంలో హౌస్ డ్రైవర్. సగం జట్టు తెలంగాణ, సగం మా కోనసీమ. పేరు దగ్గర పెద్ద గొడవైతే, గోదావరి రెండుచోట్లా పారుతుంది గనక అది ఖాయం చేశాం. గర్జన ఎందుకు పెట్టామో మాకే తెలీదు. మేమంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఒకసారి వాన కూడా వచ్చి మా మ్యాచ్ చెడగొట్టింది, ఖతర్‌లో, మేం బాగా ఆడుతున్న ఒకే ఒక్క రోజున.

అంత పెద్దమనిషి ముందు, ఫ్యామిలీ స్టేటస్ ఇప్పించాల్సిన దేవుడి ముందు, నేను అలాంటి జట్టులో ఆడతానని ఎలా చెప్పను?

"నేను ఆడను సార్. చూస్తానంతే," అన్నాను. "మీకు తగ్గ టీమ్ ఒకటుంది. సూపర్ సుల్తాన్స్. లీగ్ ఛాంపియన్లు. వాళ్ళకి సొంత బస్సుంది."

"బస్సుందా?" అన్నారాయన, ఎందుకో కొంచెం దిగులుగా.

ఆ శుక్రవారం నుంచి ఆయన కార్లో మెసయీద్ నుంచి ఏషియన్ టౌన్‌కి మా ప్రయాణాలు మొదలయ్యాయి. సుల్తాన్లు గెలిచేవారు. ఆయన మర్యాదగా చప్పట్లు కొట్టేవారు. ఇద్దరికీ సుల్తాన్ల ఆకుపచ్చ చొక్కాలు కూడా కొన్నారు. బదులుగా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు బేస్‌బాల్ నేర్పేవారు. చుట్టిన డ్రాయింగ్ బ్యాటు, ఉండచుట్టిన కాగితం బంతి, కుడిచేతి వైపు మూలనున్న జిరాక్స్ మిషన్ మొదటి బేస్, అంటే కొట్టాక పరిగెత్తి ముట్టుకోవాల్సిన చోటు.

"కొట్టు! బ్యాట్ పడెయ్! పరిగెత్తు!" అని ఆయన అరవడం, నేను కొట్టి, డ్రాయింగ్ పారేసి, పరిగెత్తుకెళ్ళి జిరాక్స్ మిషన్ని ముట్టుకోవడం. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టుకుని పరిగెత్తేవాణ్ణి వెర్రివాడంటారట. రోజూ ఇదే సాధన. చివరికి ఆ మిషన్‌లో కాపీ తీసుకోవాలన్నా నా చేతిలోది ముందు కిందపడేది.

ఇటు మల్లేశన్నకి నేను చెప్పిన సాకులు వేరే. ఒక వారం జ్వరం. ఇంకో వారం డ్యూటీ. ఆ తరవాత పన్నునొప్పి. పాపం ఆయన ప్రతిసారీ "పైలం సత్తిబాబూ, మంచిగ రెస్టు తీస్కో" అనేవాడు. పన్నునొప్పికి లవంగాలు కూడా ఎవరితోనో పంపించాడు. అవి పులావులో వేసుకున్నాను. మీ దగ్గర దాపరికమెందుకు.

ఇలా రెండు పడవల్లో హాయిగా సాగుతుండగా ఒక శుక్రవారం ఆ రెండు పడవలూ ఎదురెదురు పడ్డాయి. సూపర్ సుల్తాన్స్‌కీ గోదావరి గర్జనకీ మ్యాచ్.

"సార్, ఈవారం వద్దు. చాలా చెత్త టీమ్. ఆట రక్తి కట్టదు," అన్నాను.

"చెత్త టీమా? అయితే తప్పకుండా వెళ్ళాలి," అన్నారు వాల్టర్ గారు, మొదటిసారి హుషారుగా.

టోపీ కళ్ళదాకా లాక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆకుపచ్చ చొక్కాలో కూర్చున్నాను. దొంగతనానికొచ్చిన కాకరకాయలా ఉన్నానని నాకే అనిపించింది. కూర్చోగానే ఫోన్.

"సత్తిబాబూ, యాడున్నవ్? మనోళ్ళు పదిమందే ఉన్నరు. మన సీను డ్రైవర్ డ్యూటీల వడ్డడు, వాళ్ళ మేడం మాల్‌కు పోతనన్నదట, ఆడు బండి ఇడ్శి రాలేడు."

"అన్నా, మళ్ళీ జ్వరం అన్నా. గదిలో పడుకున్నాను."

అప్పుడే గ్రౌండ్ మైకులో "ఆటగాళ్ళందరూ మైదానంలోకి యల్లా, యల్లా!" అని కేక వినబడింది. నా రెండు చెవుల్లోనూ వినబడింది, ఒక చెవిలో ఫోన్లోంచి, ఇంకో చెవిలో గాల్లోంచి.

"గదిల మైకు మోగుతున్నదేందే?"

"టీవీ అన్నా," అని పెట్టేశాను.

పదిమందితోనే మావాళ్ళు దిగారు. ఏం పూనిందో ఏమో, ఆ రోజు ప్రాణం పెట్టి బౌలింగ్ చేశారు. వదిలెయ్యాల్సిన క్యాచ్‌లు కూడా పట్టేశారు. అలవాటుకొద్దీ "శభాష్!" అని లేచి, వాల్టర్ గారు చూస్తే, చొక్కా గుర్తొచ్చి "అయ్యో!" అని కూర్చున్నాను.

చివర్లో సుల్తాన్ ఒకడు బలంగా బాదితే బంతి గాల్లో తేలి నేరుగా మావైపే వచ్చింది. వాల్టర్ గారు లేచి ఒంటిచేత్తో అందుకున్నారు. ఆయన మొహం చూడాలి! బారసాలలో మనవణ్ణి అందుకున్న తాతలా ఉంది.

"చిన్నప్పటి నుంచి ఎదురుచూశాను సత్తీ! స్టాండ్‌లో బంతి పట్టడం ఇదే మొదటిసారి!" అని దాన్ని బ్యాగులో పెట్టి జిప్పు వేశారు.

బేస్‌బాల్‌లో అభిమాని పట్టిన బంతి అభిమానిదేనట. క్రికెట్లో తిరిగివ్వాలని ఆయనకెవరు చెబుతారు? బంతి కోసం పరిగెత్తుకుంటూ వచ్చింది మల్లేశన్నే.

"సార్, బాల్ ప్లీజ్."

"క్షమించాలి మిత్రమా, నేను పట్టాను, నాది."

మల్లేశన్న నావైపు తిరిగాడు. "భాయ్, జర సాబ్‌కో సమ్‌ఝావో."

గొంతు మార్చి, నాకొచ్చిన హిందీలో, "సాబ్ బోల్తా హై... వో బాల్ ఉన్‌కాహీ హై అండీ," అన్నాను.

ఆ చివరి "అండీ" దగ్గర మల్లేశన్న ఆగిపోయాడు. వంగి టోపీ కిందకి చూశాడు.

"సత్తిబాబూ?"

టోపీ ఇంకాస్త కిందకి లాక్కున్నాను.

"జ్వరమన్నవ్ గదనే."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చొక్కా వైపు ఒకసారి చూసి, "రంగు మంచిగనే ఉంది తియ్," అని మెల్లగా వెళ్ళిపోయాడు. ఆట కొత్త బంతితో సాగింది. నాకు మాత్రం నిజంగానే ఒళ్ళు కాలడం మొదలైంది.

"ఎవరతను?" అన్నారు వాల్టర్ గారు.

"మా... మా నది వైపు మనిషి సార్," అన్నాను.

మావాళ్ళ బ్యాటింగ్ వచ్చింది. మల్లేశన్న ఒక పక్క పాతుకుపోయి ఆడుతుంటే ఇంకోపక్క ఒక్కొక్కరే వచ్చి పోతున్నారు. చివరికి పదోవాడు కూడా అవుటయ్యాడు. గెలవడానికి ఇంకా రెండే రెండు పరుగులు కావాలి. సుల్తాన్లు చేతులు కలుపుకుంటున్నారు, అంపైర్ బెయిల్స్ తీయబోయాడు.

"ఆగుండ్రి సార్!" అని అరిచాడు మల్లేశన్న. "మాకింకొకడున్నడు!"

బ్యాటు చాపి స్టాండ్ వైపు చూపించాడు. గ్రౌండంతా నావైపు తిరిగింది.

"నువ్వు ఆడతావా?" అన్నారు వాల్టర్ గారు, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"కొద్దిగా సార్," అన్నాను.

ఆకుపచ్చ చొక్కాతోనే దిగాను. అంపైర్ నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వు ఏ టీమ్?" అని అడిగాడు. నేను చొక్కా వైపు చూసుకున్నాను. మల్లేశన్నే చెప్పాడు: "మావోడే సార్. మా చొక్కా ఉతకనీకి ఏసిండు." నాతో మాత్రం, "బంతిని ఏడికన్న తాకియ్యి, మిగిలింది నేను చూస్కుంట," అన్నాడు.

నాలుగు వారాల పాపం కడుక్కోవాలని కళ్ళు మూసుకుని ఊపాను. తగిలింది! ఎడమవైపు ఒక్క మనిషి కూడా లేనిచోటికి పరుగు తీసింది బంతి. నడిచినా రెండు వచ్చేవి. మల్లేశన్న అప్పటికే సగం దూరం వచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే స్టాండ్‌లోంచి, నాకు బాగా అలవాటైన గొంతు ఉరిమింది.

"బ్యాట్ పడెయ్! పరిగెత్తు!"

పడేశాను. పరిగెత్తాను. కుడివైపు, జిరాక్స్ మిషన్ ఉండాల్సిన చోటికి.

"ఇటు! ఇటు రావోయ్! యాడికి పోతున్నవ్ రా!" అని మల్లేశన్న కేక వెనక నుంచి వినబడుతూనే ఉంది. కవర్‌లో నిలబడ్డ సుల్తాన్ నేను కొట్టడానికొస్తున్నాననుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ముట్టుకోవడానికి ఏమీ దొరక్క నేను అతని భుజమే ముట్టుకున్నాను. ఈలోగా అవతల వికెట్లు ఎగిరిపోయాయి.

ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం.

మావాళ్ళంతా చుట్టూ చేరారు. నా అంత్యక్రియల గురించే చర్చ జరుగుతుండగా వాల్టర్ గారు ఆయాసపడుతూ మైదానంలోకి వచ్చేశారు. మల్లేశన్నని పట్టుకుని అడిగారు:

"మీరింతవరకూ ఎన్ని గెలిచారు?"

"ఒక్కటి గూడ లేదు సార్."

"ఒక్కటీ లేదా?" ఆయన నావైపు తిరిగారు. "సత్తీ, అచ్చం మా ఊరి టీమే! ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు దాచావు?"

"గెలిచే టీమైతే మీకు నచ్చుతుందనుకున్నాను సార్."

"గెలిచేవాళ్ళకి నేనెందుకయ్యా?" అని బ్యాగు తెరిచి, చిన్నప్పటి కల నెరవేర్చిన ఆ బంతిని మల్లేశన్న చేతిలో పెట్టేశారు.

నేను మల్లేశన్న దగ్గరికెళ్ళి, "అన్నా, తప్పయిపోయింది. నీ దగ్గర అబద్ధమాడాను," అన్నాను.

ఆయన బంతిని జేబులో వేసుకున్నాడు. "ఓడుడు మనకు కొత్తనా," అన్నాడు. "గని మళ్ళా జ్వరమొస్తే థర్మామీటర్ ఫోటో పెట్టు."

ఆ తరవాత వాల్టర్ గారు గర్జన మ్యాచ్ ఒక్కటీ మానలేదు. ఫ్యామిలీ స్టేటస్ సంగతంటారా? దానికి ఆయన నా పేరు చెప్పింది క్రికెట్ అనే మాట మా మధ్య రాకముందేనట! ఆఫీసువాళ్ళు చెబితే విని, సాకుల కోసం నేను పడ్డ జ్వరాలన్నీ తలుచుకుని తల పట్టుకున్నాను.

పద్మా, పాపా వచ్చారు. తొలి శుక్రవారమే వాళ్ళని గ్రౌండ్‌కి తీసుకెళ్ళి వాల్టర్ గారి పక్కన కూర్చోబెట్టాను. మళ్ళీ సుల్తాన్లతోనే మ్యాచ్. పెళ్ళాం చూస్తోందని రొమ్ము విరుచుకుని దిగాను. మొదటి బంతికే మధ్య వికెట్ ఎగిరిపోయింది. తల దించుకుని వస్తుంటే స్టాండ్‌లోంచి చప్పట్లు, ఈల. తలెత్తి చూద్దును కదా, మా ఆవిడ!

"నీకేమైనా మతిపోయిందా? నన్ను అవుట్ చేసినవాడికి చప్పట్లా?"

"మొదటి టీమ్ మీదేనండీ. కట్టుకున్నాక తప్పుతుందా? రెండోది మాత్రం నా ఇష్టమని సారే చెప్పారు," అంది. "పైగా వాళ్ళకి సొంత బస్సుందట!"

అందుచేత, ఏషియన్ టౌన్ పిచ్ మీద చెయ్యేసి, పాఠకులైన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరికీ రెండో టీమ్ ఎంచిపెట్టను, ఎంచుకున్నవాళ్ళ పక్కన మా ఆవిణ్ణి కూర్చోబెట్టను.