మగ్గాలను ఆపిన క్యాసెట్టు

ఎనభైలు ముగియబోతున్న ఆ కాలంలో టేప్ రికార్డరు ఉన్నవాడికి వీధి వీధంతా చుట్టాలే. నాకు సొంతంగా ఒకటి లేదు గానీ, తిరువళ్ళూరులో వాటిని బాగుచేసే అంగట్లో పని నేర్చుకునేవాణ్ణి కాబట్టి ఊరివాళ్ళ సెట్లన్నీ నావే. బాగుచేసినదాన్ని ఒక పూట ఆడించి చూడాలన్న వంకతో తిరుత్తణిలో మేనత్త ఇంటికి మోసుకుపోయేవాణ్ణి. ఎవరు కంటతడి పెట్టినా పక్కన చేరి ఒక ఎకసెక్కం ఆడటం అప్పట్లో నా వృత్తి (జీతం లేదు, తిట్లు మాత్రం ముట్టేవి). అత్త కొడుకు, మా బావ, మిలిటరీలో ఉండేవాడు. ఎక్కడో కాల్పులు జరిగే చోటికి పంపారని తెలిసింది, ఆపైన కబురు లేదు. అత్త ఏడవలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మి ఇల్లు చీకటైంది. నేను తెచ్చిన సెట్టులో దాని ఆసామి మరిచిపోయిన ఇంగ్లీషు క్యాసెట్టు ఉంది. మెటల్ అనే హోరు సంగీతమట. విడివిడి పాటలు కావు, మొదటినుంచి చివరిదాకా ఒక్క సిపాయి కథ. అట్ట మీద బురదలో ఒక ఇనుప టోపీ. మీట నొక్కాను. ముందు సైరన్, తర్వాత బూట్ల చప్పుడు, ఆ బూట్లలోంచే డ్రమ్ములు. ఒక లెక్కలో పోతూ పోతూ ఉన్నట్టుండి ఒక దెబ్బ మింగేసి మళ్ళీ అందుకునేవి. అత్త పాదాలు తెలియకుండానే వాటి వెంట పడ్డాయి. పడుగు మధ్య పరిగెత్తే నాడె చిక్కుకుని పోగు తెగింది. పక్కిళ్ళ మగ్గాలూ ఒకటొకటిగా నిలిచిపోయాయి. ఆ వీధిలో పట్టపగలు మగ్గాల చప్పుడు లేదంటే ఎవరో పోయారని అర్థం.

పాడేవాడు ఏం చెప్తా ఉండాడని అత్త అడిగింది. సిపాయి రైలెక్కినాడనీ, ఏదో నది దాటినాడనీ నాకొచ్చిన ముక్కలతో చెప్పుకుంటూ పోయాను (నా ఇంగ్లీషు సెట్ల వెనక రాసివుండే మాటలను దాటింది కాదు). అంతలో పాడేవాడి గొంతు గుసగుసలోకి దిగి 'మదర్' అంది. ఆ ఒక్క మాటా అత్తకు తెలుసు, మిషన్ ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మను అలాగే పిలిచేవాళ్ళు. సరిగ్గా అక్కడే సెట్టు టేపును నమలసాగింది. గొంతు సాగి, బరువెక్కి, బావి అడుగునుంచి పిలుస్తున్నట్టు 'మ...ద...' అని ఆగిపోయింది.

"యాలరా నిలిపేసినావు?" అంది అత్త.

సిపాయి కాఫీకి పోయాడన్నాను. గుమ్మంలో చేరిన ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. మా వైపు అమ్మవారి తిరునాళ్ళలో యుద్ధకథ చెప్పిస్తే, వీరుడు పడినచోట ఆపకూడదు. ఏదో ఒక శుభం దాకా చెప్పించాల్సిందే. లేకపోతే ఆ చావు వినేవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని పట్టింపు. అత్త గుంటలోంచి కాళ్ళు తీసి సెట్టు ముందు కూర్చుంది. కథ ముగిసేదాకా పచ్చినీళ్ళు కూడా తాగనంది. నేనేమో పేగుల్లా బయటికొచ్చిన టేపును పెన్సిలుతో చుడుతున్నాను. నలిగిన ముక్క కోసేసి అతికించాను. ముగింపు నాకూ తెలియదు.

మళ్ళీ పెట్టాను. పాట లేదు. గాలి, వాన. చెక్క మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న అడుగులు. ఆగాయి. తలుపు తట్టిన చప్పుడు. గుమ్మంలోని ఆడవాళ్ళు పక్కకు జరిగి వెనక్కి తిరిగి చూశారు. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరురా అది?"

"వాడే అత్తా. ఇంటికి వచ్చేసినాడు."

టేపులో ఒక ఆడమనిషి ఏడుపు మొదలైంది.

"మరి ఏడస్తా ఉందే?"

"కొడుకొస్తే ఏడవదా?"

అత్త న్యాయమేనన్నట్టు తలూపి, కర్పూరం తెచ్చి సెట్టుకు హారతి ఇచ్చింది (మూత ప్లాస్టిక్కు, కొంచెం కమిలింది. అంగట్లో నా వీపు కూడా). పక్కిళ్ళ మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను మాత్రం ఆ తలుపు అవతల నిజంగా ఎవరున్నారో తెలియకుండానే సెట్టు ఆపేశాను.

తర్వాత కొన్నాళ్ళకు బావ సెలవు మీద వచ్చాడు, చిక్కిపోయి, మాట తగ్గిపోయి. ఈ పుణ్యం మిలిటరీది కాదు, క్యాసెట్టుదేనని అత్త తేల్చేసి, నాచేత సెట్టూ క్యాసెట్టూ మళ్ళీ తెప్పించి, వాణ్ణి కూర్చోబెట్టి మొత్తం వినిపించింది. బావకు ఇంగ్లీషు బాగానే వచ్చు. తలుపు చప్పుడు దగ్గర వాడి మొహం బిగుసుకుపోయింది. ఏడుపు కింద ఎవరో ఆఫీసరు గొంతు నెమ్మదిగా చావు కబురు లాంటిదేదో చదువుతోంది. అది నేను మొదటిసారి వినిపించుకోనేలేదు.

"తలుపు తట్టింది కొడుకే కదరా?" అంది అత్త.

బావ నావైపు చూశాడు.

"కొడుకేనమ్మా. వీడు చెప్పింది సరిగ్గానే చెప్పినాడు."

ఆ సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. తలుపు తట్టినవాడి మీద నాకు మంచి ఎకసెక్కం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది, నా జన్మలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. బావ మొహం చూసి మింగేశాను. తల నెరిసింది, ఎన్నో పెళ్ళిళ్ళలో, చావుల్లో నోటి దూల తీర్చుకున్నాను. అది మాత్రం ఇంకా లోపలే ఉంది. గుర్తొచ్చినప్పుడల్లా నాలో నేనే నవ్వుకుంటాను, పైకి వినపడకుండా.