పుర్రె బొమ్మ లేని లేబుల్

కాకినాడ నుంచి రాజమండ్రి వచ్చే ప్యాసింజర్‌లో కూర్చుని పురుగుమందు సీసా లేబుల్ పూర్తిచేశాను. డిజైన్ ఫైల్లో ఒకదానిమీద ఒకటి పరిచిన పొరల్లా లేయర్లు ఉంటాయి; ఒక్కో భాష ఒక్కో లేయర్‌లో ఉంది. వాటిని విడివిడి ఫైళ్లుగా తీసే యాడ్-ఆన్ నొక్కి, వచ్చినవి ప్రెస్సుకి పంపేశాను.

పక్కనున్న నర్సరీ కూలీ ల్యాప్‌టాప్‌లోకి వంగి చూసింది. "మందు సీసాకేనాండి? పుర్రె బొమ్మ ఏదండి?"

"కింద ఉందండి," అంటూ ఫైలు తెరిచాను. లేదు. ఏ ఫైల్లోనూ లేదు. పనికి అడ్డొస్తోందని ఆ బొమ్మ లేయర్‌ను నేనే దాచాను. యాడ్-ఆన్ పైకి కనిపించే లేయర్లనే తీసింది.

"మాకు చదువు రాదండి. ఆ బొమ్మ చూసే కదండి, సీసాని పిల్లలకి అందకుండా పెడతాం," అంది.

వెంటనే ప్రెస్సుకి ఫోన్ చేశాను. ప్రెస్సువాళ్లు రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఇప్పుడే మిషన్ మీదికి ఎక్కిస్తున్నామండి," అన్నారు.

"ఆపండి!" అని అరిచాను. పెట్టెలో అందరూ నావైపు తిరిగారు.

ఆపారు. సరైన ఫైళ్లు పంపి తలెత్తేసరికి రైలు నర్సరీల ఊరు కడియం దాటింది. పక్క సీటు ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఏ లేబులైనా పంపే ముందు, అక్షరం రాని మనిషిలా ఒకసారి చూస్తాను.