కొత్త తలుపుకు తోరణం

మేడ్చల్‌లో మా చిన్న చర్చికి కొత్త టేకు తలుపులు పెట్టిన ఆదివారం, అందరికంటే ముందు వచ్చింది మా మేనత్త. అత్వెల్లి నుంచి ఆటోలో, మామిడాకులూ బంతిపూలూ గుచ్చిన తోరణం ఒళ్లో పెట్టుకుని. నేను వెళ్లేసరికి అది గుమ్మానికి వేలాడుతోంది.

నేను సంఘ పెద్దను. ప్రతి ఆదివారం పాటలకు ముందు కాసేపు బైబిలు పాఠం చెబుతాను. పాఠాలు చెప్పేవాడికి ఒక రోగముంటుంది, ఎక్కడ చూసినా ముందు తప్పే కనిపిస్తుంది. "గిది ప్రార్థన మందిరమా, పెండ్లి పందిరా?" అంటూ స్టూలెక్కి తోరణం తెంపేశాను. కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది కూడా. అత్త కింద పడినదాన్ని ఏరి కొంగులో వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మా దగ్గర పాట ఎత్తుకునేది అత్తే. ఆమె లేకపోతే పక్కవాడు మొదలుపెడతాడని ఒకరినొకరు చూసుకుంటాం. ఎలాగో మొదలైనా, నీళ్లు తగ్గిన బోరులా మధ్యలో సన్నబడిపోతుంది. పొద్దంతా పాటలతో సాగే మా చర్చి కోత పండుగ దగ్గర పడుతోంది.

"మీరే ఎల్లగొట్టిన్రు, మీరే తోల్కొని రాండ్రి" అంది నా భార్య.

ఆ వారం పాఠం సొలొమోను కట్టించిన దేవాలయం గురించి. ఎన్నోసార్లు చెప్పిందే. కొలతలు, బంగారం గురించి చెప్పి ముగించేవాణ్ణి. ఈసారి నెమ్మదిగా చదివాను. గోడల నిండా ఖర్జూరపు చెట్లు, విచ్చిన పూలు. తలుపుల మీదా అవే, కెరూబులనే రెక్కల దూతల పక్కన చెక్కి బంగారం పొదిగారు. ఇంకా ముందుకు వెళ్తే స్తంభాల మీద దానిమ్మ పండ్లు, తామర పువ్వులు.

మళ్లీ వెనక్కి, తలుపుల దగ్గరికి వచ్చాను. ఏదెను తోట నుంచి మనిషిని పంపేశాక అక్కడ కాపలా నిలబడింది కెరూబులే. మరి ఆలయ ద్వారం మీద ఆ దూతలు, వాళ్లతో పాటు చెట్లూ పూలూ ఎందుకు? దేవుడి దగ్గరికి రావడమంటే పోగొట్టుకున్న తోటలోకి మళ్లీ అడుగుపెట్టడమని కాబోలు. నేనేమో గుమ్మం మీది ఆకులు తెంపి, మనిషిని బయటికి పంపాను.

శనివారం బండి మీద అత్వెల్లి వెళ్లాను. అత్త వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వెనక గేదెల కొట్టం తలుపుకు అదే తోరణం, తెగినచోట ముడి వేసి ఉంది.

"గక్కడ కట్టినవేంది అత్తా?"

"బర్లకు పట్టింపులు లేవు అల్లుడా. కట్టినకాడికెల్లి ఒక్కటి గూడ తెంపలే."

పక్కనే కూర్చుని మొదలుపెట్టాను. "గా దేవాలయంల దానిమ్మ పండ్లుండె అత్తా. ఒక్క తొక్క లోపట గన్ని గింజలు కలిసుంటయి సూడు, గట్లనే మనం గూడ..."

"పండ్ల ముచ్చట రేపు పాఠంల చెప్పు. నాకేం చెప్పనొచ్చినవో గది చెప్పు."

"తప్పయింది అత్తా."

"చెవుల చెప్తే ఎట్ల? తెంపింది అందరి ముంగట గదా."

ఆదివారం పాఠంలో మొదట ఆలయపు తలుపుల సంగతి చెప్పాను, తర్వాత నా సంగతి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది. తల ఎత్తి చూస్తే గుమ్మంలో అత్త, ఎంతసేపటి నుంచి ఉందో, చేతిలో పచ్చటి కొత్త తోరణం.

"ఏంది సూస్తున్నవ్? స్టూల్ తే."

తెచ్చి ఎక్కాను.

"ఎడమ దిక్కు కిందికైంది. ఇంకింత గుంజు. అట్ల గాదు! తెంపుడైతే జల్దీ వచ్చింది, కట్టుడు వస్తలేదా?"

చర్చి మొత్తం నవ్వింది. ఆ నవ్వులోనే అత్త గుమ్మంలో నిలబడి పాట ఎత్తుకుంది, ఎప్పటిలాగే మాలో ఎవరికీ అందని శ్రుతిలో. నేను స్టూలు మీద నుంచే అందుకున్నాను.